మెకాలే ఆ మాట నిజంగా అన్నాడా?

ఈ ఫార్వర్డ్ మీకూ వచ్చే ఉంటుంది. 1835 ఫిబ్రవరి 2న లార్డ్ మెకాలే బ్రిటిష్ పార్లమెంటులో మాట్లాడాడట. భారతదేశం నలుమూలలా తిరిగాను, ఒక్క బిచ్చగాడూ ఒక్క దొంగా కనపడలేదు, ఈ దేశాన్ని గెలవాలంటే ముందు దాని ఆధ్యాత్మిక వెన్నెముక విరవాలి అన్నాడట. చదవగానే రక్తం మరుగుతుంది, వేలు షేర్ బటన్ మీదకి వెళ్తుంది.

ఒక్క నిమిషం ఆగి మన న్యాయదర్శనాన్ని వాడి చూద్దాం. గౌతముడి న్యాయసూత్రాల్లో ప్రమాణాలు నాలుగు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. శబ్దం అంటే ఒకరు చెప్పగా తెలుసుకోవడం. అయితే ఎవరు పడితే వాళ్ళు చెప్తే చాలదు, చెప్పేవాడు ఆప్తుడై ఉండాలి. భాష్యం రాసిన వాత్స్యాయనుడి ప్రకారం ఆప్తుడంటే విషయాన్ని నేరుగా తెలుసుకున్నవాడు, తెలిసింది తెలిసినట్టే చెప్పాలనుకునేవాడు. ఈ లక్షణం ఋషికైనా ఆర్యుడికైనా మ్లేచ్ఛుడికైనా ఒకటేనని కూడా ఆయనే అన్నాడు. అంటే మనవాడా పరాయివాడా అన్నది అసలు ప్రశ్నే కాదు. (ఆ భాష్యంలో నాకు బాగా నచ్చిన మాట ఇదే.)

ఇప్పుడు ఫార్వర్డ్ సంగతి. ఆఫీసులో ఏదైనా బగ్ వస్తే మేం ముందు లాగ్‌లో టైమ్, ఏ సర్వర్ అన్నవి చూస్తాం. ఇక్కడా అదే పని. మెకాలే 1834 జూన్‌లో మద్రాసులో దిగాడు. ఊటీలో గవర్నర్ జనరల్ బెంటింక్‌ని కలిసి, ఆ తర్వాత కలకత్తా చేరాడు. 1835 ఫిబ్రవరి 2న ఉన్నది కలకత్తాలోనే. అప్పట్లో ఓడలో ఇంగ్లండ్ వెళ్ళాలంటే నెలలు పట్టేది, కాబట్టి ఆరోజు లండన్ పార్లమెంటులో మాట్లాడే ఛాన్సే లేదు. దేశం నలుమూలలా తిరిగిందీ లేదు. ఇంకోటి, అతను 'లార్డ్' అయ్యింది 1857లో.

మరి ఆ తేదీ ఎక్కడిది? అది మాత్రం నిజమే. ఆరోజే అతను చదువుల మీద తన 'మినిట్' రాశాడు. అసలు కథ ఇక్కడుంది. తనకి సంస్కృతం రాదు, అరబిక్ రాదు అని అందులో తనే ఒప్పుకుంటాడు. అయినా ఆ రెండు భాషల సాహిత్యమంతా కలిపినా మంచి యూరప్ గ్రంథాలయంలో ఒక్క అలమర అరకి సరిపోదని తీర్పిస్తాడు. అనువాదాలు చదివాను, పండితులతో మాట్లాడాను అంటాడు, అంతే. వాత్స్యాయనుడి పరీక్షలో సంస్కృత సాహిత్యం విషయంలో ఇతను మొదటి మెట్టు దగ్గరే ఫెయిల్. కానీ కంపెనీ ప్రభుత్వంలో ఒక పెద్ద అధికారి ఏమనుకున్నాడు, ఏం చేయాలనుకున్నాడు అన్నదానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు. తన మనసు సంగతి తనకి నేరుగా తెలుసు కదా! పక్షపాతం ఉన్న కాగితాన్ని పారేయక్కర్లేదు, అది దేనికి సాక్ష్యమో తేల్చుకుంటే చాలు.

అప్పట్లో అందరు ఇంగ్లీషువాళ్ళూ మెకాలే పక్షం కాదు. ప్రిన్సెప్ అనే కంపెనీ అధికారి ఆ మినిట్‌ని గట్టిగా ఎదిరించాడు. బెంటింక్ మాత్రం మార్చి 7న మెకాలే వైపే నిర్ణయం తీసుకున్నాడు. సర్కారు డబ్బు ఇంగ్లీషు చదువుకి మళ్ళింది.

ఈసారి ఫ్యామిలీ గ్రూప్‌లో బాబాయి ఈ ఫార్వర్డ్ పెడితే 'ఫేక్' అని ఒక్క ముక్క కొట్టి ఊరుకోకండి, పాపం బాబాయి బాధ నిజమైనదే. ఆ అసలు మినిట్ పంపండి. పెద్దదేం కాదు, ఒక గంటలో చదివేయొచ్చు.