ప్రాణవాయువు – వార్ధక్యం : డెన్హమ్ హార్మన్ పరిశోధనలు

మనం జీవించడానికి అనుక్షణం పీల్చుకొనే ప్రాణవాయువే మనలను క్రమక్రమంగా వృద్ధులను చేస్తున్నదంటే వినేవారికి వింతగా తోచక మానదు. 1956లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు డెన్హమ్ హార్మన్ ఈ భావాన్ని ఒక సిద్ధాంతంగా ప్రకటించినప్పుడు శాస్త్రలోకంలో పెక్కుమంది దానిని ఆదరించలేదు.

హార్మన్ 1916లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జన్మించారు. 1943లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి రసాయనశాస్త్రంలో డాక్టరేటు పొంది, షెల్ చమురు సంస్థ పరిశోధనశాలలో పనిచేశారు. అక్కడ ఆయనకు పరిచయమైనవే స్వేచ్ఛా రాడికల్స్. అణువులలో ఎలక్ట్రాన్లు సాధారణంగా జంటలుగా ఉంటాయి. జంట తప్పిన ఎలక్ట్రాన్ గల అణువు నిలకడగా ఉండలేదు. పొరుగు అణువు నుండి ఒక ఎలక్ట్రాన్‌ను లాగుకొంటుంది. అప్పుడు ఆ పొరుగు అణువు జంట తప్పినదవుతుంది. ఇట్లు గొలుసుకట్టుగా చర్య సాగుతుంది. నూనెలు పాతబడి ముక్కవాసన వేయడానికి కారణం ఇదే.

1945లో ఆయన భార్య హెలెన్ ఒక మహిళా పత్రికలో వార్ధక్య పరిశోధనను గురించిన వ్యాసాన్ని చదివి ఆయనకు చూపించారట. ప్రాణులు ఎందుకు ముసలివవుతాయన్న ప్రశ్న నాటి నుండి ఆయనను వదలలేదు. జీవశాస్త్రం తెలియకుండా సమాధానం దొరకదని గ్రహించి, మంచి ఉద్యోగాన్ని విడిచి, 1949లో ముప్పది మూడేండ్ల వయస్సులో స్టాన్‌ఫర్డ్‌లో వైద్యవిద్యార్థిగా చేరారు! ఇది సామాన్యమైన సాహసం కాదు.

పట్టభద్రులైన తరువాత 1954లో బర్క్‌లీలోని డానర్ ప్రయోగశాలలో నెలల తరబడి ఆలోచించారు. సమస్త ప్రాణులకూ వార్ధక్యం తప్పదు గనుక దాని మూలకారణం కూడ అన్నింటికీ సమానమైనదే కావాలని ఆయన తర్కం. వికిరణం సోకిన దేహంలో నీటి అణువులు విచ్ఛిన్నమై స్వేచ్ఛా రాడికల్స్ పుడతాయని అప్పటికే తెలుసు. వికిరణం లేకున్నా సహజమైన జీవక్రియలోనే ఇవి ఎందుకు పుట్టరాదు? ఆ నవంబరులో చమురు రసాయనశాస్త్రమూ వైద్యశాస్త్రమూ ఆయన మనస్సులో ఒకచోట కలిశాయి.

జీవకణంలో మైటోకాండ్రియా అనే సూక్ష్మభాగాలు ఆహారాన్ని ఆక్సిజన్‌తో దహింపజేసి ఏ.టి.పి. రూపంలో శక్తిని సమకూరుస్తాయి. (ఈ ఏ.టి.పి.ని 1929లో కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరన్నది మరువరాదు.) ఈ దహనంలో కొన్ని ఎలక్ట్రాన్లు దారి తప్పి ఆక్సిజన్‌తో కలిసి సూపర్ ఆక్సైడ్‌గా మారుతాయి. దాని నుండి పుట్టే రాడికల్స్ క్రొవ్వులను, ప్రోటీన్లను, డి.ఎన్.ఏ.ను దెబ్బతీస్తాయి. ఇనుముకు పట్టే తుప్పు వంటిదే ఇది. మన తెలంగాణలో ‘జంగు’ అంటారు.

1958 నుండి నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో హార్మన్ ఎలుకలకు ఆక్సీకరణ నిరోధకాలను ఆహారంతో కలిపి పెట్టి చూశారు. వాటి సగటు ఆయుర్దాయం పెరిగింది గాని గరిష్ఠ ఆయుర్దాయం పెరుగలేదు. ఈ తేడా ఆయనను కలవరపెట్టింది. ఇంతలో 1969లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అనేవారు సూపర్ ఆక్సైడ్‌ను నిర్మూలించే ఎంజైమ్‌ను గుర్తించారు. శత్రువు లేనిచోట కావలివాడు ఎందుకుంటాడు? సిద్ధాంతానికి బలం చేకూరింది. 1972లో హార్మన్ మరొక మెట్టు ఎక్కి, అసలు గడియారం మైటోకాండ్రియాలోనే ఉన్నదనీ, మనం తినే నిరోధకాలు అక్కడికి చేరడం లేదనీ సూచించారు.

ఇక వ్యాపారులు ఊరుకుంటారా? నిరోధకాల మాత్రలు యౌవనాన్ని నిలుపుతాయని అంగళ్ళలో వెలిశాయి. కాని ఫిన్లాండులో పొగత్రాగే పురుషులు 29,133 మందిపై జరిపిన పరీక్ష ఫలితం 1994లో వెలువడినప్పుడు, బీటా కెరోటిన్ పుచ్చుకొన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా కన్పించింది. సిద్ధాంతం వేరు, దాని పేరుతో అమ్మే సరుకు వేరు.

2005లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కాటలేజ్ అనే రక్షక ఎంజైమ్ మైటోకాండ్రియాలోనే అధికంగా తయారయ్యేటట్లు చేసిన ఎలుకలు సుమారు ఐదు మాసాలు ఎక్కువ జీవించాయి. ఈసారి గరిష్ఠ ఆయుర్దాయమూ పెరిగింది. 1972 నాటి ఊహకు ఇది అనుకూలమైన సాక్ష్యమే. కాని 2009లో మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయంలో ఒక సూక్ష్మమైన పురుగు మైటోకాండ్రియా నుండి సూపర్ ఆక్సైడ్ నిర్మూలన ఎంజైమ్‌ను తొలగించగా, అది త్వరగా చచ్చిపోక మరింత కాలం బ్రతికింది! కొద్దిపాటి రాడికల్స్ కణానికి హెచ్చరికగా పనిచేసి, దాని రక్షణ శక్తిని మేల్కొల్పుతాయని పలువురు పరిశోధకులు భావిస్తున్నారు. హార్మన్ ఈ వాదోపవాదాలన్నింటినీ చూచి, 2014లో తొంబది ఎనిమిదవ ఏట మరణించారు.