పత్ర రూపాంతరమున అనుబంధముల రక్షణము

వర్డు పత్రమును హెచ్‌టిఎంఎల్‌గా మార్చునపుడు వెలువడునది ఒక్క ఫైలు కాదు. బొమ్మలు, శైలిపత్రములు, కొన్ని సాధనములయందు ఫాంటులును మూలమునుండి విడివడి వేరు ఫైళ్లగును. పాఠమున మిగులునవి వాని పేర్లు మాత్రమే.

తెలుగు పత్రములయందు ఈ ఎడబాటు బొమ్మలు లేని పుటతో ముగియదు. జంషెడ్‌పూరును గైకొనవచ్చును. 1907లో టాటా ఉక్కు సంస్థ స్థాపితమైన పిదప పెరిగిన ఆ నగరమున తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. అచటి ఆహ్వానపత్రమొకటి హిందీ యూనికోడులోను, తెలుగు ‘అను’ ఫాంటులోను కూర్పబడినదని భావింపవచ్చును. ‘అను’ ఫాంటున కంటికి కానవచ్చు రూపమే తెలుగు. లోపలి సంకేతములు రోమను లిపికి చెందినవి. ఫాంటు తప్పిపోయినచో హిందీ యథాతథముగా నిలుచును, తెలుగు అర్థరహితమైన రోమను వర్ణముల వరుసయగును. పోయినది అనుబంధమొకటే, చదువరికి మాత్రము పాఠమే పోయినది.

కొన్ని పైథాన్ సాధనములు ప్రతి అనుబంధమును భద్రపరచుటకు ముందు ప్రోగ్రాము రచయిత యిచ్చిన ఫంక్షన్‌ను పిలుచును. అనుబంధము పేరు దానికి అందును. ఏ స్ట్రీములో వ్రాయవలెనో అది నిర్ణయించును. ఐఓ మాడ్యూలులోని బైట్స్‌ఐఓ కేవలము మెమరీయందుండు స్ట్రీము. డిస్కుతో పని లేదు. ఒక్కొక్క పేరునకు ఒక్కొక్క స్ట్రీమును డిక్షనరీలో జతపరుపవలెను. నిఘంటువున పదమునకు అర్థము వలెనే ఇచట పేరునకు బైట్లు.

తరచు జరుగు పొరపాటు స్థానమునకు సంబంధించినది. వ్రాత ముగిసినపుడు స్ట్రీము స్థానము చివర నుండును. వెంటనే చదివినచో శూన్యమే లభించును, దోషసూచనయు రాదు. సీక్‌తో మొదటికి మరలవలెను, లేదా గెట్‌వాల్యూ వాడవలెను. ఇంతకంటె హానికరమైనది సాధనమే స్ట్రీమును మూసివేయుట. మూయబడిన బైట్స్‌ఐఓలోని బైట్లు మరల చిక్కవు. కనుక తెరచియుంచు అమరిక యున్నచో ముందే ఎన్నుకొనవలెను. పాఠములోని లంకెయు డిక్షనరీలోని పేరుతో అక్షరాల సరిపోవలెను.

మామత్ అను పైథాన్ లైబ్రరీ బొమ్మలను బేస్64గా పాఠముననే పొదుగును. ఎడబాటు లేదు గాని ప్రతి 3 బైట్లు 4 అక్షరములగును. మూలములోని ఫాంటును అది పాటింపదు. పై ఆహ్వానపత్రమునకు అది తగదు.

యూనికోడు పాఠమునకు కావలసిన జాగ్రత్త వేరు. యుటిఎఫ్-8లో తెలుగు సంకేతమొక్కటి 3 బైట్లు. ‘శ్రీ’ 4 సంకేతములు, 12 బైట్లు. కేవల తెలుగు పాఠమును 4096 బైట్ల ముక్కలుగా తీసికొన్నచో మొదటి ముక్కలో 1365 సంకేతములు పోగా ఒక్క బైటు మిగులును. ఆ ముక్కను విడిగా డీకోడ్ చేసినచో దోషమే. టెక్స్ట్‌ఐఓరాపర్ ఆ శేషమును నిలిపి తరువాతి ముక్కతో కలుపును.