పాటకు అనుమతి అక్కర్లేదు, మైకుకు కావాలి
రాయచూరు జిల్లాలో పండుగ కచేరీలు: తరచూ అడిగే ప్రశ్నలు

వినాయక చవితి మొదలుకొని కార్తీక మాసం ముగిసేదాకా రాయచూరు జిల్లాలో ఏదో ఒక మూల పాట వినిపిస్తూనే ఉంటుంది. నగరంలో గణేశ మండపాల ముందు ఆర్కెస్ట్రాలు, సింధనూరులో దసరా వేదికలు, నవంబర్ 1న రాజ్యోత్సవ సభలు, తుంగభద్ర ఎడమ కాలువ కింద కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ల క్యాంపుల్లో భజనలు. ఈ జిల్లాకు సంగీతం కొత్త కాదు. కన్నడంలో దాసర పదాలు రాసిన విజయదాసరు పుట్టిన చీకలపర్వి, జగన్నాథదాసరు స్థిరపడిన మాన్వి ఇక్కడివే. హిందుస్తానీ గాయకుడు పండిత సిద్ధరామ జంబలదిన్నిదీ ఈ జిల్లాయే. ఆయన పేరుతోనే నగరంలో రంగమందిరం ఉంది.

అయినా ఏటా ఈ నెలల్లో అదే చిక్కు. ఏ కాగితం ఎక్కడ తీసుకోవాలో కమిటీకి తెలియదు. పోలీసులు వచ్చేసరికి చేతిలో ఏమీ ఉండదు. కార్యక్రమం మధ్యలో ఆగిపోతే చివరికి నష్టపోయేది పాడటానికి వచ్చినవాళ్లు. వాళ్ల కోసమే ముఖ్యంగా ఈ జవాబులు.

మా వీధిలో పాటల కార్యక్రమం పెట్టుకోవాలంటే ఎవరెవరి అనుమతి కావాలి?

ఇంట్లో పదిమంది కూర్చుని మైకు లేకుండా పగలు భజన చేసుకుంటే ఎవరినీ అడగక్కర్లేదు. మైకు పెట్టారా, రాతపూర్వక అనుమతి తప్పనిసరి. 2000లో కేంద్రం తెచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నియమాల్లో 5వ నియమం చెప్పేది ఇదే. ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, పోలీస్ కమిషనర్‌కు, లేదా డీఎస్పీ హోదాకు తగ్గని అధికారికి ఉంటుంది. ఆచరణలో దరఖాస్తు మీ పరిధిలోని పోలీస్ స్టేషన్ నుంచే కదులుతుంది. సేవాసింధు పోర్టల్‌లో పోలీసు సేవల కింద కూడా వేయవచ్చు. స్టేజీ, షామియానా రోడ్డు మీదో మున్సిపాలిటీ స్థలంలోనో వేస్తే స్థానిక సంస్థ అనుమతి వేరుగా కావాలి. కరెంటుకు జెస్కాం దగ్గర తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి. స్తంభానికి కొక్కెం తగిలించడం విద్యుత్ చట్టం ప్రకారం దొంగతనం, అంతకు మించి ప్రాణాపాయం. వాన తడి ఆరని సెప్టెంబరులో ఇనుప స్టేజీ మీద, చేతిలో మైకు పట్టుకుని నిలబడేది గాయకులే.

‘చెప్పాంలే, సార్ సరే అన్నారు’ అనే మాట అనుమతి కాదు. సంతకం, ముద్ర, తేదీ, వేళలు ఉన్న కాగితమే అనుమతి. దాని నకలు స్టేజీ దగ్గర ఒకరి చేతిలో ఉండాలి, ఇంకొకటి సౌండ్ సిస్టమ్ వాళ్ల దగ్గర ఉండాలి.

రాత్రి పది దాటాక పాడకూడదా?

ఎక్కువ గొడవలు వచ్చేది ఇక్కడే కనుక కాస్త వివరంగా చూద్దాం. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. 2010 సవరణ తర్వాత ఈ నిషేధం వాయిద్యాలకూ వర్తిస్తుంది. అంటే మైకు లేదు కదా అని అర్ధరాత్రి వీధిలో డప్పు, డొల్లు కొట్టినా నియమం తప్పినట్టే.

దీనికి రెండు మినహాయింపులు ఉన్నాయి. ఒకటి, రంగమందిరం, కల్యాణ మండపం లాంటి మూసి ఉన్న హాలు. శబ్దం లోపలివాళ్లకే వినపడేలా ఉండాలి. తలుపులు బార్లా తెరిచి బాక్సులు బయటకు తిప్పితే ఆ మినహాయింపు పోతుంది. రెండోది, పండుగల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 10 నుంచి 12 వరకు ఇచ్చే సడలింపు. ఆ రోజులేవో ముందుగానే ప్రకటించాలి. మన కమిటీకి ముఖ్యమైన రోజు కదా అని మనమే లెక్కలో వేసుకోవడం కుదరదు. ఆ రోజుల్లోనూ 12 దాటడానికి లేదు, నిశ్శబ్ద మండలాలకు ఆ సడలింపు వర్తించదు. 2005లో సుప్రీంకోర్టు ఈ 15 రోజుల నియమాన్ని సమర్థించింది, కానీ అంతకు మించి పెంచడానికి ఒప్పుకోలేదు.

నా సలహా ఒక్కటే. కార్యక్రమం 6 గంటలకు మొదలుపెట్టండి. మన దగ్గర 7 అని వేసి 8:30కి దీపం వెలిగించి, సన్మానాలకు గంట తీసుకుని, అసలు గాయనికి 9:40కి మైకు ఇస్తాం. పదికి ఆపమంటే పోలీసుల మీద కోపం వస్తుంది. ఆమె సమయాన్ని తిన్నది పోలీసులు కాదు, శాలువలు.

ఎంత శబ్దం దాకా పెట్టవచ్చు?

నివాస ప్రాంతంలో పగటి ప్రమాణం 55 డెసిబెల్స్, వాణిజ్య ప్రాంతంలో 65, నిశ్శబ్ద మండలంలో 50. బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకర్ పెడితే ఆ స్థలం హద్దు దగ్గర ఈ ప్రమాణం కంటే 10 ఎక్కువ, లేదా 75, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే పరిమితి. లెక్క వేస్తే ఇళ్ల మధ్య 65, బజారులో 75. సొంత స్థలమైతే ప్రమాణం కంటే 5 మాత్రమే ఎక్కువ ఉండొచ్చు, అంటే ఇళ్ల మధ్య 60.

ఇది చాలా తక్కువ. నలుగురు గట్టిగా మాట్లాడుకుంటేనే దాదాపు ఆ దరిదాపులకు వస్తుంది. కనుక బాక్సులు ఎన్ని తెచ్చారన్నది కాదు, వాటిని ఎటు తిప్పారన్నది చూసుకోవాలి. సందు మొదట్లో రెండు పెద్ద బేస్ బాక్సులు గోడకు ఆనించి పెడితే ఆ గోడ అవతలి ఇంట్లో గిన్నెలు కదులుతాయి, స్టేజీ ముందు కూర్చున్నవాళ్లకు మాత్రం సాహిత్యం అర్థం కాదు. జనం కూర్చున్న వైపు, కొంచెం కిందికి వంచి, చిన్న స్పీకర్లు నాలుగైదు చోట్ల పెడితే తక్కువ శబ్దంతోనే పాట శుభ్రంగా వినపడుతుంది. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ అధికారిక లెక్క కాదు గానీ హద్దు దగ్గర నిలబడి ఒకసారి చూసుకోవడానికి పనికొస్తుంది.

ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. ప్రకటన ఉందా లేదా అని వెతుక్కోవడం కంటే, రిమ్స్ లాంటి ఆసుపత్రికి ఆ దూరంలో వేదిక పెట్టకపోవడమే మంచిది.

ఊరేగింపులో డీజే పెట్టుకోవచ్చా?

గణేశ నిమజ్జనానికి ముందు జిల్లా యంత్రాంగం ఇచ్చే ఉత్తర్వు చూడండి. అందులో నిషేధం ఉంటే దానికి తిరుగు లేదు. సామగ్రి స్వాధీనం చేసుకుంటారు, కేసూ పెట్టొచ్చు. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద జరిమానా ఇప్పుడు 10,000 రూపాయల నుంచి 15 లక్షల వరకు ఉంది.

డీజేకు పెట్టే డబ్బులో సగం పెడితే డొల్లు బృందమో డప్పు బృందమో వస్తుంది, పది కుటుంబాలకు పండుగ గడుస్తుంది. ఇది నియమం కాదు, నా కోరిక.

సినిమా పాటలు పాడితే ఎవరికైనా డబ్బు కట్టాలా?

కొన్నిసార్లు కట్టాలి. పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు ఉంది. వాళ్లు పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది. ఘంటసాల 1974లో కన్నుమూశారు. ఆయన స్వరపరిచిన బాణీల మీద హక్కు 2034 చివరిదాకా కొనసాగుతుంది. వేదిక మీద పాడించే నిర్వాహకులు సాధారణంగా ఐపీఆర్‌ఎస్ అనే సొసైటీ నుంచి లైసెన్సు తీసుకుంటారు. రికార్డు చేసిన పాట వేస్తే ఆ రికార్డింగ్ యజమానుల హక్కు వేరే. లైసెన్సు బాధ్యత కార్యక్రమం పెట్టినవాళ్లదని ఒప్పందంలో రాయండి, గాయకుల నెత్తిన వేయకండి.

చట్టంలోని 52వ సెక్షన్ కొన్ని సందర్భాలకు మినహాయింపు ఇచ్చింది. నిజమైన మతపరమైన వేడుక, ప్రభుత్వం లేదా స్థానిక సంస్థ జరిపే అధికారిక వేడుక, పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన సంబరాలు వాటిలో ఉన్నాయి. ఔత్సాహిక క్లబ్బు టికెట్ లేకుండా పాడించినా, ధార్మిక సంస్థ సహాయార్థం పాడించినా మినహాయింపే. మండపంలో హారతి వేళ పాడే పాటకు ఎవరూ బిల్లు పంపలేరు. అదే వినాయకుడి పేరు పెట్టి, టికెట్లు అమ్మి, మైదానంలో స్టార్ నైట్ చేస్తే అది మతపరమైన వేడుక అని వాదించడం కష్టం.

విజయదాసరు, జగన్నాథదాసరు, అన్నమయ్య, త్యాగయ్య రచనలకు ఏ లైసెన్సూ అక్కర్లేదు. ఇంకొకరు వాటికి కట్టిన కొత్త బాణీకి, చేసిన రికార్డింగుకు మాత్రం హక్కు ఉంటుంది.

మా పాటను ఎవరో ఫోన్లో తీసి యూట్యూబ్‌లో పెట్టారు. అడగవచ్చా?

అడగవచ్చు. ఈ సంగతి మన కళాకారుల్లో చాలామందికి తెలియదు. వేదిక మీద పాడేవారికి, వాయించేవారికి ప్రదర్శకుల హక్కు అని ఒకటి ఉంది. అది 50 ఏళ్లు నడుస్తుంది. వాళ్ల సమ్మతి లేకుండా ప్రదర్శనను రికార్డు చేసి జనంలోకి వదలడం ఆ హక్కును ఉల్లంఘించడమే. సొంతంగా చూసుకోవడానికి తీసుకున్న వీడియోకు అభ్యంతరం ఉండదు. కమిటీ లైవ్ పెట్టాలనుకుంటే ముందే కళాకారుల దగ్గర సంతకం తీసుకోవాలి, దానికి విడిగా డబ్బు అడిగే హక్కు వాళ్లకుంది. పేరు వేయమని అడగడం కూడా హక్కే. తబలా, కీబోర్డు వాయించినవాళ్ల పేర్లు పోస్టర్ మీద ఎందుకు ఉండవో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

కర్నూలు, ఆదోని, గద్వాల నుంచి బృందాన్ని పిలిపించవచ్చా? తెలుగు పాటలకు అభ్యంతరం ఉంటుందా?

పిలిపించవచ్చు. దేశంలో ఎక్కడికైనా వెళ్లి పాడే స్వేచ్ఛ రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చింది; తమ భాషను, సంస్కృతిని కాపాడుకునే హక్కు 29వ అధికరణంలో ఉంది. కిరాయి వాహనానికి కర్ణాటక పర్మిట్, పన్ను సంగతి బయల్దేరే ముందే చూసుకోండి. పోస్టర్ మీద కన్నడం పైన, తెలుగు కింద వేయండి. మొదటి పాట దాసర పదమైతే సభ అంతా మీదే. ప్లాస్టిక్ ఫ్లెక్సీకి 2016 నుంచి రాష్ట్రంలో నిషేధం ఉంది, గుడ్డ బ్యానరే కట్టండి.

టికెట్ కొన్నాక కార్యక్రమం రద్దయితే?

డబ్బు వెనక్కి అడగండి. ఇవ్వకపోతే 1915కు ఫోన్ చేయండి, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, గడువు రెండేళ్లు, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. టికెట్ 500 రూపాయలకు మించకపోతే దాని మీద జీఎస్టీ ఉండదు. ఉందని వసూలు చేస్తే బిల్లు అడగండి.

శబ్దం భరించలేకపోతే పక్కింటివాళ్లు ఏం చేయాలి?

ముందు కమిటీవాళ్లతో మాట్లాడండి. వినకపోతే 112కు ఫోన్ చేయండి. ప్రమాణం కంటే 10 డెసిబెల్స్ మించితే అధికారికి ఫిర్యాదు చేసే హక్కు నియమాల్లోనే ఉంది. పరీక్షకు చదివే పిల్ల, గుండె జబ్బున్న ముసలాయన పండుగకు శత్రువులు కారు. ఏ మతమూ లౌడ్‌స్పీకర్ పెట్టి ప్రార్థించమని చెప్పలేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది.

అనుమతి ఇవ్వకపోతే?

కారణం రాతలో అడగండి. దరఖాస్తు చివరి రోజున కాకుండా, రెండు మూడు వారాల ముందే వేసి రసీదు తీసుకుంటేనే ఆ కారణాన్ని ప్రశ్నించే సమయం ఉంటుంది. పై అధికారికి, డిప్యూటీ కమిషనర్‌కు వినతి ఇవ్వవచ్చు. తప్పనిసరైతే హైకోర్టు కలబురగి బెంచి ఉంది. జనం ఎక్కువ వస్తారనుకుంటే దారులు, గేట్లు, అంబులెన్సు ఎక్కడుంటాయో ఒక కాగితం మీద గీసి దరఖాస్తుకు జతచేయండి. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. పోలీసులు గుంపు గురించి అడిగే ప్రశ్నలు వేధింపు కాదు.

ఆడపిల్లలు, చిన్నపిల్లలు పాడితే ప్రత్యేక నియమాలున్నాయా?

వేదిక మీద ఇంతమంది ఆడవాళ్లే ఉండాలని పరిమితి పెట్టడం చెల్లదని, ఆర్కెస్ట్రా బార్ల కేసులో 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. మగ కళాకారులకు ఒక మూల కుర్చీలు వేసి గాయనులకు దుస్తులు మార్చుకునే గది కూడా ఇవ్వని కమిటీలు ఇంకా ఉన్నాయి. గది, మరుగుదొడ్డి, రాత్రి ఇంటికి చేర్చే బండి: ఈ మూడూ బయానా మాట్లాడేటప్పుడే అడగండి. లైంగిక వేధింపు జరిగితే, పని ప్రదేశంలో దాన్ని అరికట్టేందుకు తెచ్చిన 2013 చట్టం కింద జిల్లాలోని స్థానిక ఫిర్యాదుల కమిటీకి వెళ్లవచ్చు. 14 ఏళ్లలోపు పిల్లలను వాణిజ్య కార్యక్రమంలో పాడిస్తే జిల్లా మేజిస్ట్రేటు అనుమతి కావాలి. రోజుకు 5 గంటలు మించకూడదు, వచ్చిన డబ్బులో కనీసం 20 శాతం పిల్ల పేరున డిపాజిట్ చేయాలి.

బయానా ఇచ్చి మిగతా డబ్బు ఎగ్గొడితే కళాకారులు ఏం చేయాలి?

నోటిమాట ఒప్పందం కూడా చెల్లుతుంది, కానీ రుజువు చేయడం కష్టం. కనుక ఒక్క పేజీ రాసుకోండి: తేదీ, ఎన్ని గంటలు, మొత్తం ఎంత, బయానా ఎంత, మిగతాది ఎప్పుడు, వాన వల్లో అనుమతి రాకో కార్యక్రమం ఆగిపోతే ఎంత. బయానా యూపీఐలో తీసుకుంటే తేదీ, మొత్తం రెండూ రికార్డుగా మిగులుతాయి. డబ్బు రాకపోతే లాయర్ నోటీసు పంపండి. దావాకు మూడేళ్ల గడువు ఉంది. శాస్త్రీయ, జానపద కళాకారుల ప్రదర్శనకు పారితోషికం లక్షన్నర రూపాయల వరకు జీఎస్టీ లేదు కనుక ఆ పేరు చెప్పి కోత వేయడానికి ఎవరికీ వీల్లేదు.

కమిటీల పెద్దలకు ఒక విన్నపం. షామియానాకు, బాక్సులకు, పూలకు ముందే లెక్క తేల్చేస్తున్నారు. ఈసారి పాడినవాళ్ల డబ్బు కూడా వాళ్లు బండెక్కక ముందే చేతిలో పెట్టండి.