పోటీ పరీక్షల ప్రత్యేకం: ఆకుపచ్చ శైవలాల వర్గీకరణ

భిక్నూర్ మండలంలోని చెరువుల అంచున జారుడుగా, పచ్చని దారాల్లా తేలే పాచిని చూడనివారుండరు. అందులో స్పైరోగైరా తరచుగా కనిపిస్తుంది. దాన్ని ఏ వర్గంలో చేర్చాలి? అభ్యర్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

వర్ణద్రవ్యాలు, నిల్వ ఆహారం, కశాభాల ఆధారంగా ఫ్రిట్ష్ 1935లో శైవలాలను 11 తరగతులుగా విభజించారు. ఆకుపచ్చవి క్లోరోఫైసీ. వీటిలో పత్రహరితం ఎ, బి ఉంటాయి. నిల్వ ఆహారం పిండిపదార్థం. మొక్కల్లోనూ ఇవే ఉండటం గమనించండి. ఫ్రిట్ష్ స్పైరోగైరా, కారాలను ఇందులోనే ఉంచారు. నేటి వర్గీకరణలో ఆ రెండూ కారోఫైటాకు చెందుతాయి. క్లామిడోమొనాస్, వాల్వాక్స్ క్లోరోఫైటాలో ఉన్నాయి. నేలమీది మొక్కలు కారోఫైటా వంశం నుంచే వచ్చాయి.

నీలి ఆకుపచ్చ శైవలాలు మాత్రం కేంద్రకపూర్వ జీవులు. విట్టేకర్ 1969లో వాటిని మొనీరాలో చేర్చారు.

భారత శైవల శాస్త్ర పితామహుడు, మద్రాసుకు చెందిన ఎం.ఓ.పి. అయ్యంగార్ 1932లో వర్ణించిన ఫ్రిట్షియెల్లా అనే ఆకుపచ్చ శైవలం తడి నేలపై పెరుగుతుంది.