స్పానిష్ మాట చెవిన పడితే: తొమ్మిది చిట్కాలు

టెక్సస్, కాలిఫోర్నియాల్లో కాపురముంటున్న తెలుగువాళ్లకు కూరగాయల కొట్లో, పిల్లల బడి దగ్గర, ఇంటి పనులకు వచ్చేవారి నోట రోజూ స్పానిష్ వినిపిస్తుంది. అక్కడ ఎక్కువగా వినిపించేది మెక్సికో వాడుక. మాటతో పాటు దాన్ని ఎవరు ఎవరితో అంటారో కూడా నేర్చుకోవాలి.

1. టాకో కాదు, ‘తాకో’ అనండి. మన ‘త’ అక్షరం చక్కగా సరిపోతుంది. రెండు ఎల్‌లు పక్కపక్కన ఉంటే ‘య’: తొర్తీయా. హెచ్ పలకదు: ఓలా. జె అక్షరం ‘హ’ అవుతుంది: హలపేన్యో.

2. పెద్దవారిని, కొత్తవారిని ‘ఉస్తెద్’ అనండి. అది మన ‘మీరు’. ‘తూ’ అంటే నువ్వు. చనువు ఏర్పడ్డాకే వాడండి.

3. పిలిస్తే ‘మాందే?’ అన్నారా? ‘ఏమండీ, మళ్లీ చెప్పండి’ అని మర్యాదగా అడుగుతున్నారన్నమాట.

4. ‘అఓరీతా’ అంటే ‘ఇప్పుడే’. అయితే మెక్సికో వాడుకలో అది కాసేపటికీ కావచ్చు, సాయంత్రానికీ కావచ్చు. కచ్చితంగా తెలియాలంటే ‘ఆ కే ఓరా?’, అంటే ‘ఎన్ని గంటలకు?’ అని అడగండి.

5. మీరు భోంచేస్తుంటే ముక్కూమొహం తెలియనివారు కూడా ‘ప్రొవేచో’ అంటారు. తృప్తిగా తినమని దాని భావం. ‘గ్రాసియాస్’ అని బదులివ్వండి. జనం మధ్యనుంచి దాటి వెళ్లేటప్పుడు ‘కోన్ పెర్మీసో’ అనాలి.

6. ‘పికా’ అంటే కారంగా ఉందని, ‘కాల్యెంతే’ అంటే వేడిగా ఉందని. శాకాహారులు ‘ఫ్రిహోలెస్’ (చిక్కుడుగింజలు) తెప్పించుకునే ముందు ‘త్యేనే మాంతేకా?’ అని అడగాలి. మెక్సికోలో మాంతేకా అంటే పంది కొవ్వు. అర్జెంటీనాలో అదే మాటకు వెన్న అని అర్థం.

7. ‘కే ఓందా?’ అంటే ‘ఏంటి సంగతులు?’. ‘ఓరాలే’ అంటే ‘సరే, పద’. ‘నో మాన్చెస్’ అంటే ‘ఊరుకో, నిజమా!’. ‘గ్వెయ్’ స్నేహితుల మధ్య ‘ఒరేయ్’ లాంటిది. ఇవి విని అర్థం చేసుకోండి, పెద్దల ముందు మాత్రం వాడకండి.

8. దేశం మారితే అర్థం మారుతుంది. ‘గ్వాగ్వా’ క్యూబాలో బస్సు, చిలీలో పసిబిడ్డ. స్పెయిన్‌లో బస్సెక్కడానికి వాడే ‘కొహేర్’ మెక్సికోలో బూతు.

9. ఇంగ్లిష్ పోలికను నమ్మకండి. ‘ఎంబరసాదా’ అంటే సిగ్గుపడినామె కాదు, గర్భిణి. ‘నో ప్రాబ్లెమో’ సరైన స్పానిష్ కాదు, ‘నో ఐ ప్రోబ్లేమా’ అనాలి. ఏదైనా అర్థం కాకపోతే ‘మాస్ దెస్పాస్యో, పోర్ ఫవోర్’ అని, మెల్లగా చెప్పమని అడగండి. అడిగి తెలుసుకోవడమే వారికి మనమిచ్చే గౌరవం.