జంట కటకాల కెమెరా

హనుమాన్ జంక్షన్ నాలుగు దారుల కూడలి. ఒక దారి విజయవాడకు, ఒకటి ఏలూరుకు, ఒకటి నూజివీడుకు, ఒకటి గుడివాడకు పోతాయి. కూడలిలోని ఆంజనేయస్వామి గుడి వల్ల ఊరికి ఆ పేరు వచ్చింది. 1980లలో ఆ కూడలికి కొద్ది దూరంలో, ఒక మేడమీద గదిలో, మా మేనమామ ఫొటో స్టూడియో ఉండేది. గోడకు కొండలూ కొలనూ చిత్రించిన తెర, దాని ముందు చేతుల కుర్చీ, ఇరువైపులా రెండు పెద్ద దీపాలు, మూలన నల్లని గుడ్డ వేలాడే చీకటిగది. ఇవన్నీ ఆనాటి స్టూడియోలన్నింటిలో ఉన్నవే. నా చూపు మాత్రం బీరువాలో ఎర్రని మఖమలు గుడ్డపై కూర్చున్న నల్లని పెట్టె మీద ఉండేది. దానికి ఒకదాని కింద ఒకటిగా రెండు కళ్ళు. అది జపానులో తయారైన యాషికా-డి కెమెరా.

ఆనాటి మన పల్లెల పెళ్ళి ఆల్బములలో నలుచదరపు నలుపు తెలుపు చిత్రాలు కనిపిస్తే, వాటిలో చాలావరకు ఇటువంటి కెమెరాతో తీసినవై ఉంటాయి. ఇంగ్లీషులో దీనిని ట్విన్ లెన్స్ రిఫ్లెక్స్ అంటారు. మనం జంట కటకాల కెమెరా అనుకుందాం. నేటి విద్యార్థులలో కొందరు తాతల పెట్టెలలో దొరికిన ఇలాంటి కెమెరాలను తెచ్చి, ఇవి పనిచేస్తాయా, ఫిలిం దొరుకుతుందా అని నన్ను అడుగుతున్నారు. పనిచేస్తాయి, దొరుకుతుంది. అయితే దానిని ఎలా ఎంచుకోవాలో, ఎలా వాడుకోవాలో ముందుగా తెలుసుకోవాలి.

భౌతికశాస్త్రం చదివే మీకు దీని నిర్మాణం సులభంగానే బోధపడుతుంది. రెండు కటకాల నాభ్యంతరం ఒక్కటే. పై కటకం మనం చూడటానికి, కింది కటకం ఫిలిం మీద చిత్రం పడటానికి. పై కటకం వెనుక 45 డిగ్రీల వాలులో ఒక దర్పణం బిగించి ఉంటుంది. అది కాంతిని పైకి మళ్ళించి, పెట్టె నెత్తిన ఉన్న గరుకు అద్దం మీద దృశ్యాన్ని నిలుపుతుంది. రెండు కటకాలూ ఒకే పలకకు బిగించబడి ఉండటం వల్ల, పక్కనున్న మరను తిప్పితే రెండూ కలిసే ముందుకూ వెనుకకూ కదులుతాయి. పైన గరుకు అద్దం మీద స్పష్టంగా కనిపించినది కింద ఫిలిం మీద కూడా స్పష్టంగా పడుతుంది. దర్పణం కదలదు కనుక చప్పుడు లేదు. ఫొటో తీసే క్షణంలో కూడా దృశ్యం కనుమరుగు కాదు.

ఒక చిక్కు ఉంది. గరుకు అద్దం మీద దృశ్యం నిటారుగానే ఉంటుంది కాని కుడి ఎడమలు తారుమారవుతాయి. మీరు చదువుకున్న పార్శ్వ విలోమం ఇదే. గుడివాడ వైపు వెళ్ళే బస్సు అద్దంలో నూజివీడు వైపు వెళుతున్నట్లు కనిపిస్తుంది. దానిని వెంబడించాలని కెమెరాను తిప్పితే అది మరింత దూరమవుతుంది. మొదటి వారం రోజులు ఎవరికైనా చేతులు తడబడతాయి. తరువాత ఆలోచించకుండానే చేతులు సరైన దిక్కుకు తిరుగుతాయి.

ఈ పద్ధతికి స్థిరమైన రూపం ఇచ్చినవారు జర్మనీ దేశస్థులు. బ్రౌన్‌ష్వైగ్ నగరంలో ఫ్రాంకె, హైడెకె అనే ఇద్దరు భాగస్వాములు 1920లో సంస్థ నెలకొల్పి, మొదట జంట చిత్రాలు తీసే కెమెరాలు చేశారు. వాటిలో చిత్రం తీసే కటకాలు రెండు, నడుమ చూసే కటకం ఒకటి, వెరసి మూడు. అందులో ఒకదానిని తొలగించి, మిగిలిన రెంటినీ నిలువుగా నిలబెట్టినట్లు ఉంటుంది వారు 1929లో విడుదల చేసిన రోలీఫ్లెక్స్. దానిని చూసి ప్రపంచంలో ఎందరో అనుకరించారు. జపానులోని యాషికా, మమియా సంస్థలు, చైనాలోని సీగల్, రష్యాలోని లుబితెల్ అన్నీ ఆ కుటుంబానివే. మన దేశపు తొలి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలు హోమాయి వ్యారవాలా (1913-2012) వాడిన కెమెరాలలో రోలీఫ్లెక్స్ ఒకటి. చికాగో నగరంలో ఆయాగా బతికిన వివియన్ మైయర్ అనే ఆమె ఇటువంటి కెమెరాతోనే వీధుల్లో వేలాది చిత్రాలు తీసి ఎవరికీ చూపకుండా దాచుకున్నది. 2007లో ఆమె పెట్టెలు వేలానికి వచ్చిన తరువాతే లోకానికి ఆ చిత్రాల సంగతి తెలిసింది. కంటికి ఆనించి గురిపెట్టే కెమెరాను చూస్తే మనిషి బిగుసుకుపోతాడు. దీనిని పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి చూస్తారు. ఎదుటివారికి ఫొటోగ్రాఫర్ నమస్కారం చేస్తున్నట్లే ఉంటుంది. మా పల్లెల్లో ముసలివారు కెమెరా అంటే బెదిరినా, మా మామయ్య ముందు కుదురుగా కూర్చోవడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

ఇక ఎంపిక సంగతి. ఈ విషయంలో నేను ఒకసారి మోసపోయినవాడిని కనుక కొంచెం విస్తరించి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఒక దుకాణంలో మెరిసిపోతున్న కెమెరా చూసి ముచ్చటపడ్డాను. తోలుతొడుగు కొత్తదానిలా ఉంది, లోహపు అంచుల మీద గీత కూడా లేదు. బేరం కూడా ఆడకుండా కొన్నాను. ఇంటికి వచ్చి సెకను వేగంలో మీట నొక్కితే షట్టర్ తెరుచుకుని, మూసుకోవడమే మరిచిపోయింది. ఎన్నో ఏళ్ళు వాడకుండా ఉంచినందువల్ల లోపలి నూనె గట్టిపడిపోయింది. గీతలు పడిన కెమెరా అంటే ఎవరో రోజూ వాడిన కెమెరా. ఏళ్ళ తరబడి కదలని యంత్రం కన్నా అదే మేలు అని ఆనాడు తెలిసింది.

కనుక ముందుగా చెవి పెట్టాలి. షట్టర్ వేగాన్ని ఒక సెకనుకు పెట్టి, నొక్కి, మనసులో లెక్కపెట్టండి. సన్నని గిరగిర శబ్దం ఆగకుండా సాగి సెకనుకు ముగియాలి. నడుమ నీరసిస్తే లోపల శుభ్రం చేయించవలసి ఉంటుంది. తరువాత వెనుక తలుపు తెరిచి, ‘బి’ గుర్తు దగ్గర షట్టర్‌ను తెరిచి పట్టుకుని, చిన్న టార్చి వెలుగు కటకం గుండా పంపి చూడండి. సాలెగూటి వంటి పోగులు కనిపిస్తే అది బూజు. కృష్ణా డెల్టాలో కాలువల తేమకు, వానాకాలపు ఉక్కకు కటకాలకు బూజు పట్టడం సర్వసాధారణం. కొద్దిగా ఉంటే తుడిపించవచ్చు. అద్దాన్ని తినివేసి ఉంటే వదిలేయడమే మంచిది. పై కటకంలో కొద్దిపాటి మచ్చ ఉన్నా నష్టం లేదు, అది చూడటానికే కదా. దర్పణం మసకబారి ఉంటే మార్పించుకోవచ్చు.

రెండు కటకాలూ ఒకే మాట చెబుతున్నాయా అన్నది కూడా చూడాలి. ఫిలిం ఉండే చోట ట్రేసింగ్ కాగితం ముక్కను బిగుతుగా పరిచి, దూరాన ఉన్న తాడిచెట్టునో కరెంటు స్తంభాన్నో చూడండి. పైన గరుకు అద్దంలో స్పష్టంగా ఉన్నప్పుడు కింద కాగితం మీద కూడా స్పష్టంగా ఉండాలి. పైన ఒకటి, కింద ఒకటి అయితే ఎవరో విప్పి సరిగా బిగించలేదన్నమాట.

ఏ కెమెరా అన్నది మీ అవసరాన్ని బట్టి, చేతిలోని డబ్బును బట్టి ఉంటుంది. రోలీఫ్లెక్స్ పనితనం వేరు, ధర కూడా వేరు. మమియా సి330 వంటి వాటిలో కటకాలు మార్చుకోవచ్చు, దగ్గరి వస్తువులను తీయవచ్చు, కాని మోయడానికి భుజబలం కావాలి. నా ఓటు యాషికాకే. 1970 నుంచి తయారైన యాషికా మ్యాట్ 124జి మన స్టూడియోలకు చిరపరిచితం. దానిలో వెలుతురును కొలిచే మీటరు ఉంది కాని, అది పాదరసపు బ్యాటరీ కోసం చేసినది. ఆ బ్యాటరీలు ఇప్పుడు తయారు కావడం లేదు. మీటరు లేదనుకునే కొనండి. మండుటెండలో ఐఎస్ఓ 100 ఫిలింకు కటకపు రంధ్రం 16 దగ్గర, షట్టర్ సెకనులో 125వ వంతు దగ్గర పెడితే సరిపోతుంది. నిండు వెలుతురున్న నీడలో రంధ్రాన్ని 5.6కు తెరవాలి. మా మామయ్య జీవితమంతా ఈ లెక్కతోనే గడిపాడు. అరుగు మీద పడిన స్తంభపు నీడ అంచును చూసి అంకె చెప్పేవాడు.

ఈ కెమెరాలో వాడేది 120 అనే చుట్ట ఫిలిం. 1901 నుంచి అది మార్పులేకుండా వస్తూ ఉన్నది. 1960లో ఏర్పడి ఉదకమండలంలో నడిచిన ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిలింస్ ‘ఇందు’ పేరుతో ఒకప్పుడు మన దేశంలోనే ఫిలిం తయారుచేసేది. ఆ సంస్థ మూతపడింది. కొడాక్, ఇల్ఫర్డ్ వంటి విదేశీ ఫిలింలను నేడు తపాలాలో తెప్పించుకోవలసిందే. ఒక చుట్టకు వచ్చేవి పన్నెండు చిత్రాలు. ఒక్కొక్క నెగటివ్ దాదాపు ఆరు సెంటీమీటర్ల చదరం, వైశాల్యంలో చిన్న ఫిలిం కన్నా మూడున్నర రెట్లకు పైగా ఉంటుంది. అందుకే చీర అంచులోని జరీ పోగులు కూడా లెక్కపెట్టగలిగేటట్లు పడతాయి. పన్నెండే అన్న నియమం మొదట సంకెలలా తోస్తుంది. కంద పద్యం రాసేవాడికి కూడా మొదట అలాగే తోస్తుంది. నాలుగు చిన్న పాదాలలో గణాలూ యతిప్రాసలూ కుదరాలంటే అక్కరలేని మాట తనంతట తానే తొలగిపోతుంది. మీట నొక్కే ముందు, ఇది ఆ పన్నెండింటిలో ఒకటి కాదగినదా అని మీరు ఒక్క క్షణం ఆగుతారు. నాకు ఈ కెమెరా ఇచ్చిన ఆనందమంతా ఆ ఒక్క క్షణంలో ఉంది.

మరొక జాగ్రత్త. మనం చూసేది పై కన్నుతో, చిత్రం పడేది కింది కన్నుతో కనుక, మరీ దగ్గరగా తీసినప్పుడు మనుషుల తలలు తెగిపోతాయి. స్టాండు మీద ఉంచి తీస్తుంటే, అంతా సరిచూసుకున్నాక రెండు కటకాల మధ్య ఉన్నంత దూరం కెమెరాను పైకి జరపాలి. వాడని రోజుల్లో తోలుతొడుగులో ఉంచవద్దు. తోలు తేమను పట్టి ఉంచుతుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పాటు పెట్టండి.

నెగటివ్ విలువ నాకు తెలిసింది ఏడేళ్ళ వయసులో. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తి పదివేలమందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. ఆ తరువాత కొన్ని నెలలకు నాగాయలంక వైపు నుంచి ఒకాయన మామయ్య స్టూడియోకు వచ్చాడు. జంక్షన్ దగ్గరి అత్తవారింట జరిగిన ఆయన పెళ్ళికి మామయ్యే ఫొటోలు తీశాడట. ఇల్లూ పోయింది, భార్యా పోయింది, ఆల్బమూ పోయింది. మామయ్య పాత ఖాతా పుస్తకంలో తేదీ వెతికి, రేకుపెట్టెలోంచి కాగితపు కవరు తీసి, నెగటివులను వెలుతురుకు పెట్టి చూపాడు. ఆయన చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. నెగటివ్‌లో తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా ఉంటుంది కదా. అయినా ఆమె నవ్వును ఆయన గుర్తుపట్టాడు.

ఇంటర్మీడియట్ చదువుతుండగా, 1987 సంక్రాంతి సెలవులలో మామయ్య మొదటిసారి ఆ యాషికాను నా చేతికిచ్చాడు. “అల్లుడూ, నొక్కగానే ఫిలిం తిప్పు. తరువాత తిప్పుదాంలే అనుకోకు” అని ఒక్కటే హెచ్చరించాడు. ఆ రకంలో ఫిలిం తిప్పడం ఒక పని, షట్టర్‌ను సిద్ధం చేయడం వేరొక పని. మొదటిది మరిచినా రెండవది జరిగిపోతుంది. యాషికా మ్యాట్‌లలో ఆ ప్రమాదం లేదు, పిడి తిప్పితే రెండూ ఒకేసారి అవుతాయి.

తాతయ్య, అంటే మామయ్య తండ్రి, అంతవరకు ఫొటో దిగలేదు. కొడుకు స్టూడియో పెట్టినా సరే, తెర ముందు కూర్చోవడం వేషగాళ్ళ పని అనేవాడు. మనవడు అడిగేసరికి మామిడిచెట్టు నీడలో, ఉతికిన పంచెతో నులకమంచం మీద కూర్చున్నాడు. నేను తల వంచి అద్దంలో చూస్తుంటే “నేలమీద ఏం వెతుకుతున్నావురా?” అన్నాడు. నవ్వుతూ మీట నొక్కాను. వెంటనే కళ్ళంలోకి పరుగెత్తి, ఎండలో మెరుస్తున్న వరికుప్పను తీశాను.

చీకటిగదిలో ఎర్రదీపం కింద, పళ్ళెంలోని మందునీటిలో కాగితం మీద బొమ్మ మెల్లగా పైకి తేలింది. పంచె తెల్లగా ఉన్నది, మంచం ఉన్నది. తాతయ్య ముఖం మీద, వెనుక నీడలో, అంతటా గడ్డిపోచలు. పంచె పడిన చోట ఫిలిం అప్పటికే వెలుతురుతో నిండిపోయింది, కుప్పకు అక్కడ చోటు లేదు. చీకటిగా మిగిలిన చోట్లలో మాత్రం కుప్ప వచ్చి కూర్చుంది. మామయ్య నా వైపు తిరిగి చూడలేదు. కాగితాన్ని హైపోలో వేసి, కడిగి, తీగకు తగిలించాడు.

తాతయ్య దానిని చూసి పెద్దగా నవ్వాడు. “నన్ను కుప్పలో పెట్టేశావేమిరా!” అన్నాడు. మామిడికాయల కాలానికి సరైనది తీయించుకుంటానన్నాడు. ఆ వేసవి రాకముందే పోయాడు.

ఆయనకు మిగిలిన ఫొటో అదొక్కటే. మామయ్య దానినే పెద్దది చేసి చట్రం కట్టించాడు. ఇప్పటికీ మా ఇంటి నడవలో ఉన్నది. కొత్తగా చూసినవారు, ఇదేదో కళాత్మకంగా తీసిన చిత్రమనుకుంటారు, మేమూ వివరించడం మానేశాం. సంక్రాంతికి అమ్మ అద్దం తుడిచి నుదుట కుంకుమ బొట్టు పెడుతుంది. అక్కడ ఒక వరికంకి వంగి ఉంటుంది. బొట్టు సరిగ్గా దాని మీద పడుతుంది.