నీటి రంగు – కాంతి చెప్పు సాక్ష్యం

నీటి స్వచ్ఛతను మన పూర్వులు కంటితోను, నాలుకతోను నిర్ణయించేవారు. రంగరేజులు నీలిమందు, చిరివేరు, మంజిష్ఠ వంటి వాటితో వస్త్రాలకు అద్దకం వేసిన కాలంలో ఆ పరీక్ష చాలవరకు సరిపోయినది. 1856లో ఇంగ్లండులో పద్దెనిమిదేండ్ల విలియం హెన్రీ పెర్కిన్ కృత్రిమ ఊదారంగును కనుగొన్న పిదప అద్దకపు స్వరూపమే మారిపోయినది. నేటి కృత్రిమ రంగులలో అధికభాగం అజో జాతికి చెందినవి. అనగా రెండు నైట్రోజన్ పరమాణువుల జంటబంధం గలవి. ఎండకు వెలవకుండా, ఉతుకుకు పోకుండా ఉండుటకై తయారైన ఈ రంగులు నీటిలో కలిసిన పిదప కూడా సులభంగా నశింపవు.

వీటిని కనిపెట్టుటకు కాంతియే మనకు సాధనం. ప్రతి రంగు పదార్థం తనకు తగిన కాంతిని పీల్చుకొని తక్కినదానిని విడిచిపెడుతుంది. మిథిలీన్ బ్లూ 664 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఎర్రని కాంతిని అధికంగా పీల్చుకొనును. కనుకనే అది నీలంగా కనిపించును. బేర్-లాంబర్ట్ నియమం ప్రకారం రంగు గాఢత పెరిగినకొలది కాంతి శోషణ కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము మిథిలీన్ బ్లూ ఉన్నను, 1 సెంటీమీటరు మందపు గాజుపాత్రలో ఆ ఎర్రని కాంతిలో సుమారు నలభై శాతం అణగిపోవును.

సెన్సరు నిర్మాణం కూడా కఠినమైనది కాదు. ఒక వైపు ఎర్రని ఎల్‌ఈడీ దీపం, మధ్య నీటి నమూనా, ఎదుట ఫోటోడయోడ్, దానికి మల్టీమీటరు చాలును. ముందుగా గాఢత తెలిసిన ద్రావణాలతో రేఖాపటం గీచుకొని, దానితో తెలియని నమూనాను పోల్చవలెను. వర్షాకాలపు బురదనీరు కాంతిని చెదరగొట్టి మనలను మోసగించును. అందుచే నీటిని వడపోయుట, ఆ రంగు పీల్చుకొనని పరారుణ కాంతితో రెండవసారి కొలుచుట అవసరం.

అయితే ఒక ప్రమాదాన్ని మనం గుర్తించవలెను. రంగు పోయినంత మాత్రాన విషం పోయినట్లు కాదు. గాలి చొరని బురదలో బాక్టీరియా అజో బంధాన్ని తెంచినపుడు నీరు తేటపడును. కాని కాంగో రెడ్ వంటి రంగు నుండి బెంజిడీన్ అను క్యాన్సరు కారకం వెలువడును. మన ఎగువననే మరొక నిదర్శనం కలదు. పటాన్‌చెరు వ్యర్థజల శుద్ధి కేంద్రం నుండి వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అను ఔషధం ఉన్నట్లు 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఇట్టి ఔషధాన్ని ఎర్రదీపపు సెన్సరు పసిగట్టలేదు. అందుకు అతినీలలోహిత కాంతి కావలెను. పటాన్‌చెరు ప్రాంతపు నక్కవాగు మంజీరలో కలియును. ఆ మంజీర మీదనే, ఎల్లారెడ్డికి చేరువలో, 1931లో పూర్తయిన నిజాంసాగరం ఉన్నది.

కావున సెన్సరు మనకు కావలివాడే గాని న్యాయమూర్తి కాదు. అది అనుమానం తెలుపును. నిర్ణయం ప్రయోగశాల చేయవలెను. కామారెడ్డి, ఎల్లారెడ్డి విద్యార్థులు ఇట్టి పరికరాలు తయారుచేసి, తమ ఊరి చెరువుల నీటిని నెలకొకసారి కొలిచి పుస్తకంలో వ్రాసియుంచవలెనని కోరుతున్నాము. గాజుపాత్రలకు, రసాయనాలకు కళాశాల కమిటీ పెద్దలు కొద్దిపాటి సొమ్ము కేటాయించిన యెడల, మన పాఠం ప్రయోగశాల గోడలు దాటి ఊరికి ఉపకరించగలదు.